సొట్టపడని రిమ్ము

మంగళవారం పొద్దున్నే నవూం తన సైకిలు ముందుచక్రం ఒక్కటీ భుజానికి తగిలించుకుని కొట్టుకి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి దాన్ని నేలమీద ఒకసారి దొర్లించి చూపించాడు. రెండు గజాలు కూడా తిన్నగా పోకుండా అది కాలు బెణికిన మేకలా ఒకపక్కకి ఒరిగి గోడకి చేరబడింది.

"మళ్లీ పోయింది, కొమాద్రే," అన్నాడు.

సెనైదా చేతులు గుడ్డకి తుడుచుకుని చక్రం అందుకుంది. ఆమె కూతురికి నవూం జ్ఞానతండ్రి. ఆ పిల్ల బాప్తిస్మం రోజునుంచీ వీళ్లిద్దరూ ఒకరినొకరు కొంపాద్రే, కొమాద్రే అనే పిలుచుకుంటారు. తగాదా పడ్డప్పుడు కూడా మీరు అనే అంటారు. లాచివేరా ఊళ్లో సైకిళ్ల పని పూర్తిగా తెలిసింది ఆమె ఒక్కదానికే. బయటి ఊళ్లవాళ్లని కొండమీంచి సైకిళ్ల మీద కిందికి దించే గైడ్లలో అందరికన్నా పెద్దవాడు ఆయన. యాభై రెండేళ్లొచ్చాయి. వానల్లోనూ మంచులోనూ ఆయన ముందు నడిస్తే వెనకాల వచ్చేవాళ్లకి దిగులుండదని గైడ్లని పంపే ఊరి సంఘం వాళ్లు అందరికీ చెప్పుకునేవారు.

ఈసారి బలమైన రిమ్ము వేయమని అడిగాడు నవూం. ఎంత బరువైనా ఫర్వాలేదట. తేలికవి పందేలవాళ్లకి కావాలిగాని తనకెందుకన్నాడు. శనివారం ప్వేబ్లా నుంచి ఎనిమిదిమంది వస్తున్నారు, కొండకొన నుంచి ఏటి దగ్గర పిండిమిల్లు దాకా దింపాలి, ఈలోగా చక్రం కావాలి.

"రాయి పగలాలిగాని ఇకమీదట రిమ్ము వంగకూడదు," అని నవ్వి, ఇచ్చిన కాఫీ నిలబడే తాగేసి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక సెనైదా టైరు ఊడదీసి, చక్రాన్ని స్టాండుకి ఎక్కించి తిప్పింది. అంచు ఒకచోట బొటనవేలు దిగేంత లోపలికి నొక్కుకుపోయింది. శ్రావణం పెట్టి లాగితే వస్తుంది కానీ సొట్ట చివర సన్నటి చీలిక ఉంది. బాగుచేసి లాభం లేదు. హబ్బు బాగానే ఉంది, ముప్ఫైరెండు కన్నాలది. దాన్ని ఉంచి రిమ్ము మార్చాలి. విప్పబోతూ ఆమె ఆగింది. వెనక గోడకి వేసవి నుంచీ పేరుకుపోయిన పాత రిమ్ములు వేలాడుతున్నాయి. పాత ఇనుము కొనేవాడు వానలవల్ల కొండెక్కలేదు. అందులో నవూంవి రెండున్నాయి, ఒకటి మే నెలది, ఒకటి జులైది. రెండూ దించి, మూడోదాని పక్కన బల్లమీద పెట్టింది.

మూడూ ముందుచక్రానివే. ఆ పనిచేసేవాళ్లకి అది చాలు. వెనకచక్రం ఎవరికైనా సొట్టపడుతుంది. ముందుచక్రాన్ని రాయి దాటించినా వెనకది ఈడ్చుకుంటూ వచ్చి గుద్దుకుంటుంది. ముందుచక్రం అలా కాదు. అది మనిషి కళ్ల ముందే ఉంటుంది. రాయి కనిపిస్తే చేతులు వాటంతట అవే దాన్ని లేపుతాయి. పదిహేనేళ్లలో నవూం ముందు రిమ్ము ఒక్కటి కూడా మార్పించుకోలేదు. ఇప్పుడు అయిదు నెలల్లో మూడు. చక్రం కట్టేటప్పుడు రిమ్ముమీది అచ్చుపేరు ఎప్పుడూ ఒకేవైపు ఉంచుతుంది కాబట్టి, ఏ అంచు కుడివైపుదో, ఏది ఎడమవైపుదో ఆమెకి తెలుసు. రిమ్ములు అటూ ఇటూ తిప్పి చూసింది. సొట్టలన్నీ ఎడమ అంచుకే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఆమె ఓహాకా పట్నంలో సామాన్లమ్మే అతనికి ఫోన్ చేసింది. అతను కార్బన్‌ది తీసుకోమన్నాడు. తేలిక, గట్టి, సొట్టనేదే పడదన్నాడు. సొట్టపడదు, కానీ పగిలితే చెప్పాపెట్టకుండా ముక్కలవుతుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వద్దంది. రెండు గోడలున్న అల్యూమినియంది, అతుకు వెల్డింగు చేసింది, అంచు మొద్దుగా మందంగా ఉండేది కావాలంది. అది పాత రిమ్ముకన్నా నూటయాభై గ్రాములు ఎక్కువుంటుంది, ఎక్కేటప్పుడు మనిషి తిట్టుకుంటాడన్నాడతను. తిట్టుకోనీమంది. రెండు రకాలు పంపమని, చూసి ఒకటి ఉంచుకుని ఒకటి తిప్పి పంపుతానని చెప్పింది.

బుధవారం పది గంటలకి పట్నం బండి రెండు రిమ్ములూ దింపింది. నవూం కూడా చూడ్డానికి వచ్చాడు. రెంటినీ రెండు చేతుల్లో పట్టుకుని తూచాడు, అంచు మందం గోటితో తడిమాడు, వేలుమీద తగిలించి స్పానరుతో కొట్టి మోత విన్నాడు. బరువుదే ఎంచుకున్నాడు. సెనైదా కూడా అదే ఎంచింది. అతుకు దగ్గర వేలు పెడితే ఎక్కడ మొదలైందో తెలియనంత నున్నగా ఉంది. కన్నాల చుట్టూ లోహం మందంగా వదిలారు. దాన్నిగురించి ఆయన సంబరంగా మాట్లాడుతుంటే ఆమె స్పోకులు బిగించే చిన్న పానా తీసి, చప్పుడు చేయకుండా, బల్లమీద ఆయన ఎడమ మోచేతి పక్కన పెట్టింది. పెట్టి, అది ఇలా ఇవ్వమని అడిగింది.

నవూం బల్లంతా చూశాడు. కుడివైపు చూశాడు, ఎదురుగా ఉన్న డబ్బాలో చూశాడు. "ఎక్కడ పెట్టారు?" అన్నాడు. తరవాత తల కాదు, మనిషే మొత్తం ఎడమపక్కకి తిరిగాడు. "ఓ, ఇక్కడుంది," అని తీసి ఇచ్చాడు.

సెనైదాకి మొహం వేడెక్కింది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ మనిషిలా పానా అందుకుని, కొలతలు చూసుకోవాలని తల వంచుకుంది.

సాయంత్రం నవూం భార్య సెలెరీనా వచ్చింది. గుడ్డలో మూటకట్టిన వేడి మొక్కజొన్న రొట్టెలూ, నల్లచిక్కుళ్ల గిన్నే బల్లమీద పెట్టింది. ఆవిడ ఊరికే రొట్టెలు తెచ్చే మనిషి కాదు. కూర్చుని, రిమ్ము బాగుందా అని అడిగింది, ఇంతకన్నా గట్టిది లేదా అని అడిగింది. కాసేపు అదీ ఇదీ మాట్లాడాక, ఊరి సభ ఈ ఏడాదికి ఆయనకి అప్పగించిన సేవ డిసెంబరుతో పూర్తవుతుందని, ఆ తరవాత సైకిళ్లు దింపే పని తనంతట తనే మానేస్తానన్నాడని చెప్పింది. సభలో అందరిముందూ సగంలో దించేస్తే ఆయన తట్టుకోలేడంది.

"ఎందుకు దించుతారు?" అంది సెనైదా.

సెలెరీనా గిన్నెమీద మూత సర్దింది. "రాత్రి అన్నం తినేటప్పుడు ఉప్పు ఎడమపక్కన పెట్టకుండా చూసుకుంటాను," అంది. "డిసెంబరు దాకా నిలిచేలా చెయ్యి అమ్మా. నీ చేతిలో ఉంది," అంది.

గిన్నె తరవాత పంపించమని చెప్పి వెళ్లిపోయింది.

గురువారమంతా ఆ చక్రమే. సెనైదా పాత స్పోకులు రెండు విరిచి, రిమ్ము లోపల ఎదురెదురుగా పెట్టి కొలత తీసింది. కొత్త స్పోకుల మరలకి నూనె ముంచింది. ఒక్కో స్పోకూ మూడింటిని దాటేలా అల్లింది. ఒక చుట్టు బిగించి, తిప్పి, మళ్లీ సగం చుట్టు. గోటితో మీటితే ఒకపక్కవన్నీ ఒకే స్వరం పలికేదాకా. రెండేసి స్పోకులు కలిపి పిడికిలితో నొక్కింది, మెలికలు సర్దుకుని టప్పుమన్నాయి. మళ్లీ బెండు తీసింది. ఇంత తిన్నగా ఈ మధ్య ఏ చక్రమూ కుదరలేదు. పని బాగా కుదిరినకొద్దీ ఆమెకి మనసు బరువెక్కింది. ఎవరితో చెప్పాలి? సంఘానికి చెబితే నవూంని చంపినట్టే. చెప్పకపోతే శనివారం ఎనిమిదిమంది ఆయన వెనకచక్రం మీద కళ్లుపెట్టి దిగుతారు. చెప్పడానికి తన దగ్గరున్నదేమిటి, మూడు సొట్టలూ, ఒక పానా. అనుకుంటూనే ఉంది, చేతులు పని చేస్తూనే ఉన్నాయి. టైరు ఎక్కించేముందు అలమర తీసి, రిమ్ముకీ టైరుకీ మధ్య వేసే నురుగు పట్టీ బయటికి తీసింది. అది వేస్తే ఎంత గట్టి రాయి తగిలినా దెబ్బ లోహందాకా రాదు. నవూం అడగలేదు. అయినా వేసింది.

శనివారం ఆమె కొట్టు తెరవలేదు. తేనెపట్టులు చూడాలని ఇంట్లో చెప్పి కొండెక్కి, ఓక్ చెట్ల మధ్య మూడుమెట్లు అనేచోట దారిపక్కన కూర్చుంది. అక్కడ దారి మూడు రాతిగట్ల మీంచి దిగి ఎడమకి తిరుగుతుంది. రాత్రి వాన పడింది. పైనుంచి కొట్టుకొచ్చిన రాయొకటి, పలకలా అంచుతేలింది, రెండోమెట్టు కింద ఎడమవైపు, సరిగ్గా చక్రం దిగేచోట నిలిచి ఉంది. ఆమె దాన్ని అప్పటిదాకా గమనించలేదు. పైన బ్రేకుల కీచుమోత వినిపించాక తలెత్తి చూస్తే కనిపించింది. లేచేలోగా నవూం మలుపు తిరిగాడు.

ఆయన ఎప్పటిలాగే వచ్చాడు, మోకాళ్లు మెత్తగా, భుజాలు వదులుగా. ముందుచక్రం ఆ రాయిని నేరుగా కొట్టింది. చక్రం లేవలేదు, చేతులు లేపలేదు. గొడ్డలి మొద్దుకి తగిలినట్టు చప్పుడైంది. టైరు చపాతీలా అణిగి, మళ్లీ ఉబ్బి, చక్రం రాయిమీంచి దొర్లి దిగింది. ఆయన భుజాలు కూడా కదల్లేదు. అలాగే తిరిగి కిందికి పోయాడు.

ఆయన వెనక మూడు సైకిళ్ల దూరంలో ఒకావిడ వస్తోంది. ఇవోన్ అని, ప్వేబ్లాలో లెక్కల టీచరు. చూపు ఆయన వెనకచక్రం మీంచి తిప్పలేదు. ఆయన దిగినచోటే దిగింది. ఆమె చక్రం రాయి దగ్గరే ఆగిపోయింది, మనిషి ముందుకి ఎగిరిపడింది.

సెనైదా పరుగెత్తింది. టీచరు లేచి కూర్చుని కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని ఉంది. ఆ చెయ్యి ఉండాల్సినట్టు లేదు. ఆవిడ ఏడవలేదు. "నేను ఆయన వెనకాలే వచ్చాను," అంది, "ఆయన వెళ్లినచోటే వెళ్లాను." మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆగారు. మోసుకుపోవడానికి దారి కావాలని ఎవరో అరిస్తే, సెనైదా ఆలోచించకుండానే ఆ రాయిని కాలితో తోసేసింది. అది లోయలోకి దొర్లిపోయాక గుర్తొచ్చింది, తను ఏం చేసిందో. కిందనుంచి నవూం సైకిలు ఒదిలేసి పైకి ఎగబాకుతూ, ఏమైందని, ఏమైందని అడుగుతూ వస్తున్నాడు.

ఆదివారం పూజ అయ్యాక పంచాయతీ ఆఫీసు మైకులో పేర్లు పిలిచారు. అందులో సెనైదా పేరూ ఉంది, నవూం చక్రం తీసుకుని రమ్మన్నారు. పొడుగాటి గదిలో సంఘం పెద్ద రొగాసియానో కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అతను చెడ్డవాడు కాదు. టీచరుకి దిండు తెప్పించాడు, చేతికి పిండికట్టు వేసిన డాక్టరు ఏమన్నాడో అడిగాడు. ప్రమాదం ఎలా జరిగిందో రాయాలి, అంతే, అన్నాడు. ఏడాదికి ఒకటి రెండు పడుతూనే ఉంటాయి, తొక్కేవాళ్లు భయపడి ముందు బ్రేకు నొక్కేస్తారు, అదే రాస్తుంటామన్నాడు.

తను బ్రేకు నొక్కలేదంది టీచరు. రాయి ఉందంది. నవూం దానిమీంచే వెళ్లాడంది.

రొగాసియానో నవూం వైపు తిరిగాడు. నవూం టోపీ మోకాళ్లమీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. "నేను రాయి చూడలేదు," అన్నాడు. ఆ మాట నిజమేనని ఆ గదిలో సెలెరీనాకి తెలుసు, సెనైదాకి తెలుసు.

"ఈవిడ అక్కడే ఉన్నారు," అంది టీచరు, సెనైదాని చూపిస్తూ.

"ఆవిడ మెకానిక్కు," అన్నాడు రొగాసియానో. "చక్రం సంగతి ఆవిణ్ని అడుగుదాం." రెండు చక్రాలూ బల్లమీదికి తెప్పించాడు. టీచరుది అప్పడంలా వంకరపోయింది. నవూందాన్ని అతను వేలితో చుట్టూ తడిమాడు, కిటికీ వెలుగులోకి ఎత్తి తిప్పాడు. అది గీతగీసినట్టు తిన్నగా తిరిగింది. ఒకే రాయిని కొడితే ఒకటి ఇలా, ఒకటి అలా ఎలా ఉంటాయని అడిగాడు. "నువ్వు చెప్పు సెనైదా. దీనికి దెబ్బ తగిలిన గుర్తుందా?"

ఆమె చక్రం పట్టుకుంది. ఎడమ అంచు చూసింది, చూడకుండా ఉండలేకపోయింది. గీత కూడా లేదు. టీచరు ఆమె మొహంలోకే చూస్తోంది. సెలెరీనా నేలచూపులు చూస్తోంది. రాయి తగిలిన చప్పుడు తన చెవుల్లో ఇంకా ఉంది. అది చెప్పాలని నోరు తెరిచింది.

"గుర్తు లేదు, దోన్ రొగాసియానో," అంది.

అక్కడితో అయిపోయింది. సైకిలు తొక్కినావిడ పొరపాటువల్ల అని రాశారు. టీచరు చాలాసేపు ఆ కాగితం చూసి, అలసిపోయి, ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టింది. బయటికొస్తుంటే రొగాసియానో సెనైదా భుజం తట్టాడు. చక్రం బాగా కట్టావన్నాడు. ఇంకెవరన్నా కడితే నిన్న ఇద్దరు పడేవారన్నాడు.

సోమవారం పొద్దున టీచరు కొట్టుకి వచ్చింది. కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడుతోంది, రెండో చేత్తో వంకరపోయిన చక్రం ఈడ్చుకొచ్చింది. పదకొండు గంటల బండికి వెళ్లిపోతుందట. ఆ గైడ్ చక్రానికి వేసిన రిమ్ము పేరు రాసివ్వమని అడిగింది. ఊరెళ్లి అదే వేయించుకుంటానంది. నిన్న రాత్రంతా ఆలోచించానని, బహుశా బ్రేకు నొక్కే ఉంటానని, మనిషికి అలాంటప్పుడు గుర్తుండదని చెప్పింది. తన తప్పు తనే నమ్మడం మొదలుపెట్టిన మనిషి గొంతు అది.

సెనైదా కాగితం తీసి రిమ్ము పేరు రాసింది. రాసి, ఇవ్వకుండా పట్టుకుంది.

"మీరు బ్రేకు నొక్కలేదు," అంది. "రాయి ఉంది. నేనే తోసేశాను. ఆయన దానిమీంచే పోయాడు, ఆయనకి ఎడమపక్క కనిపించదు. గుర్తు పడకుండా చక్రం కట్టింది నేనే."

టీచరు బల్లకి ఆనుకుంది. మరి నిన్న ఎందుకు చెప్పలేదని అడిగింది. సెనైదా కావాలంటే ఇప్పుడే వచ్చి చెబుతానంది, కాగితం మార్పిస్తానంది. టీచరు తల అడ్డంగా ఊపింది. మళ్లీ ఆ గదిలో కూర్చునే ఓపిక తనకి లేదంది. తెలిసింది, చాలంది. కాగితం తీసుకోకుండానే వెళ్లిపోయింది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "ఈ శనివారం ఎవరన్నా వస్తున్నారా?" అని మాత్రం అడిగింది.

వస్తున్నారు. పన్నెండుమంది.

బండి హారన్ వినిపించేదాకా సెనైదా అలాగే కూర్చుంది. తరవాత కొట్టు మూసి నవూం ఇంటికి వెళ్లింది. ఆయన పెరట్లో ఎండబెట్టిన మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. చూపు అక్కర్లేని పని, వేళ్లు వాటంతటవే పోతున్నాయి. కుడివైపు నుంచి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"కొంపాద్రే, శనివారానికి మీ చక్రం నేను బిగించను," అంది.

"రిమ్ములో ఏమన్నా తేడా వచ్చిందా?"

"రిమ్ములో లేదు."

ఆయన చేతిలో కంకి పూర్తిగా ఒలిచాడు. గింజలు బుట్టలో పోసి, బెండు పక్కన పెట్టాడు. వంటింటి గుమ్మంలోకి సెలెరీనా వచ్చి నిలబడింది.

"ఎప్పట్నించీ తెలుసు మీకు?" అన్నాడు చివరికి.

"మూడోది తెచ్చినప్పట్నించీ."

"నాకు రెండోదానికే తెలిసింది," అన్నాడు నవూం.

ఆయన అరచేతులు చూసుకున్నాడు. గట్టి రిమ్ము పడితే కాలం గడిచిపోతుందనుకున్నానన్నాడు. దారంతా కంఠతా వచ్చు, ఏ రాయి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను, వాన కొత్తరాయి తెచ్చిపెడుతుందని ఆలోచించలేదన్నాడు. ఆ టీచరు ఇంకా ఉందా అని అడిగాడు. పదకొండు బండికి వెళ్లిపోయిందని సెనైదా చెప్పింది. ఆయన తల ఊపాడు. ఊపి, చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

తరవాత లేచి, చొక్కాకి అంటిన పీచు దులుపుకుని, టోపీ పెట్టుకున్నాడు. సెనైదా ఆయనతోపాటు పంచాయతీ ఆఫీసు దాకా నడిచింది. దారిలో ఎదురైనవాళ్లు పలకరిస్తే ఆయన పేరుపేరునా బదులు చెప్పాడు. మెట్ల దగ్గర తనూ లోపలికి వస్తానంది ఆమె. వద్దన్నాడు. "మీరు వస్తే మీ మీదికి పోతుంది. ఇది నాది," అని ఒక్కడే ఎక్కి వెళ్లాడు.

ఆమె మెట్టుమీద కూర్చుంది. తలుపు వేసి ఉంది, మాటలు వినపడలేదు. నవూం గొంతు మాత్రం మెల్లగా, ఆగి ఆగి సాగింది. లోపల రొగాసియానో నవ్వడం వినిపించింది, వేళాకోళానికి అంటున్నాడనుకున్నాడు కాబోలు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.